ఇన్‌ఛార్జి డాంబ్రోసియో

తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరయిన మనిషిని. అందుకే కార్ల పందెంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం జెండా ఊపేసిన తర్వాత మొదలవుతుంది. ప్రేక్షకులు లేచి ఇంటిదారి పడతారు. గెలిచినవాళ్లు పోడియం మీద షాంపేన్ చల్లుకుంటూ ఉంటారు. సరిగ్గా అప్పుడే ఒక మూల షెడ్డులో అధికారులు బండ్లను వరసగా కాటా ఎక్కిస్తుంటారు. రెక్కలు కొలుస్తారు, అడుగున ఉన్న పలక ఎంత అరిగిందో చూస్తారు, ఫార్ములా వన్ అయితే ట్యాంకులో మిగిలిన ఇంధనం కూడా తోడేసి మళ్లీ తూస్తారు. ఈ తంతును టీవీలో చూపించరు. చూపిస్తే మాలాంటివాళ్లం రాత్రంతా మేలుకుని చూస్తాం.

2016 మార్చి 12న మెక్సికో సిటీలో జరిగిన ఫార్ములా ఇ (పూర్తిగా బ్యాటరీతో నడిచే కార్ల పోటీ) పందెంలో ఆ కాటా ఒక విజేతను దించి ఇంకొకరిని ఎక్కించింది. ట్రాక్ మీద మొదట వచ్చింది బ్రెజిల్ డ్రైవరు లూకాస్ డి గ్రాసి. తూకంలో అతని బండి ఉండవలసిన కనీస బరువుకు 1.8 కిలోలు తగ్గింది. ఫలితం రద్దయింది. రెండో స్థానంలో వచ్చిన బెల్జియం డ్రైవరు జెరోమ్ డాంబ్రోసియోను విజేతగా ప్రకటించారు.

ఎంత తేడాకు ఎంత శిక్ష పడిందో చూడండి. అప్పటి ఫార్ములా ఇ బండి డ్రైవరుతో కలిపి తొమ్మిది వందల కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉండేది. అందులో 1.8 కిలోలంటే ఐదు వందల వంతుల్లో ఒక వంతు. మన కిరాణా కొట్లో కిలో కందిపప్పు ప్యాకెట్టు కొంటే, అందులో 15 గ్రాముల వరకు తరుగును మా శాఖ నిబంధనలే మన్నిస్తాయి. అంటే నూటికి ఒకటిన్నర. యంత్రం నింపేటప్పుడు ఆ మాత్రం హెచ్చుతగ్గులు తప్పవని చట్టానికి తెలుసు. పందెం చట్టానికి ఆ దయ లేదు. కనీస బరువంటే కనీస బరువే, గ్రాము తగ్గినా తగ్గినట్టే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు వ్యాపారుల చేత 'కాస్త చూసీ చూడనట్టు వెళ్లండి మేడమ్' అనిపించుకున్న నాకు ఆ కరుకుదనం బాగా నచ్చింది. ఈ డాంబ్రోసియో ఎవరా అని ఆరా తీయడం అప్పటినుంచే మొదలైంది.

మా తమ్ముడికి ఇతని పేరెత్తితే నవ్వు. "వాడి గెలుపులన్నీ అరువు గెలుపులే అక్కా" అంటాడు. లెక్క ప్రకారం మా తమ్ముడిని కాదనడానికి లేదు. ఫార్ములా ఇలో డాంబ్రోసియో గెలిచినవి మూడు పందేలు. మెక్సికో సంగతి చెప్పాను. అంతకు ముందు 2015 మేలో బెర్లిన్‌లో, పాత టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం కాంక్రీటు మీద జరిగిన పందెంలో కూడా మొదట వచ్చింది డి గ్రాసే. బండి ముందు రెక్కను నిబంధనలకు విరుద్ధంగా మార్చారని తేలడంతో అతన్ని పక్కనబెట్టారు. అప్పుడూ రెండో స్థానంలో ఉన్నది డాంబ్రోసియోనే. మూడోది 2019 జనవరిలో మరకేష్‌లో వచ్చింది. ఆ రోజు ముందు పరుగెడుతున్న ఇద్దరూ ఒకే జట్టువాళ్లు, బీఎండబ్ల్యూ డ్రైవర్లు. వెనకున్న అలెగ్జాండర్ సిమ్స్ ముందున్న అంటోనియో ఫెలిక్స్ డా కోస్టాను దాటబోయాడు. ఇద్దరూ ఒకేసారి బ్రేకులు బిగబట్టి మలుపు దాటి బయటికి జారారు. డా కోస్టా అడ్డుగోడకు గుద్దుకున్నాడు. బయలుదేరే వరసలో పదో స్థానం నుంచి మొదలుపెట్టి అప్పటికి వాళ్ల వెనక్కు చేరిన డాంబ్రోసియో పక్కనుంచి వెళ్లిపోయాడు. ఆ రోజు అతను నడిపింది మన మహీంద్రా బండి.

మూడు గెలుపులు. ఒకటి రెక్క వల్ల, ఒకటి కాటా వల్ల, ఒకటి ఒకే జట్టువాళ్లు ఒకరికొకరు అడ్డుపడటం వల్ల. నిజమే. కానీ మా తమ్ముడు లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటుంది. మెక్సికోలో అందరికన్నా ముందు, పోల్ నుంచి బయలుదేరింది డాంబ్రోసియో. డి గ్రాసి దాటేశాక వెనకనుంచి సెబాస్టియన్ బ్యూమి మీదికి మీదికి వచ్చాడు. ఆ ఏడాది ఛాంపియన్ అయినవాడతను, బండి కూడా మెరుగైనది. ఆ బ్యూమిని జెండా పడేదాకా వెనకే ఆపకపోతే కాటా ఇచ్చిన గెలుపు బ్యూమి ఇంటికి పోయేది. అధికారులు మొదటివాణ్ని తీసేసినప్పుడు రెండో చోట ఎవరుంటే గెలుపు వాళ్లది. ఆ రెండో చోటు ఊరికే రాదు.

డి గ్రాసి పోగొట్టుకున్నది కూడా ఇక్కడ చెప్పాలి, తర్వాత కథకు అవసరం. 2014-15లో అతను ఛాంపియన్‌కు 11 పాయింట్ల దూరంలో ఆగిపోయాడు. గెలుపుకు 25 పాయింట్లు, బెర్లిన్ గెలుపు నిలిచి ఉంటే కిరీటం అతనిదే. మరుసటి ఏడాది బ్యూమి చేతిలో 2 పాయింట్ల తేడాతో ఓడాడు. అక్కడ మెక్సికో గెలుపు నిలిచి ఉంటే చాలు. కిరీటం చివరికి 2016-17లో దక్కిందనుకోండి. కానీ రెండేళ్లు వరసగా చేజారిన కిరీటాల పక్కన ఈ బెల్జియం అబ్బాయి పేరు ఎలా రాసి ఉందో అతనికి బాగా తెలిసే ఉంటుంది.

డాంబ్రోసియో 1985 డిసెంబరు 27న బ్రస్సెల్స్ నగరంలోని ఎటర్‌బీక్‌లో పుట్టాడు. పేరును బట్టి తెలుస్తూనే ఉంది, ఇటలీ మూలాలున్న కుటుంబం. చిన్నప్పుడు కార్టింగ్, 2003లో బెల్జియం ఫార్ములా రెనో 1.6 టైటిల్, 2007లో ఇంటర్నేషనల్ ఫార్ములా మాస్టర్ టైటిల్, ఆ తర్వాత మూడేళ్లు ఫార్ములా వన్‌కు ఒక మెట్టు కిందుండే జీపీ2లో డామ్స్ జట్టు. ఈ మెట్లన్నీ ఫార్ములా వన్‌కు వెళ్లే ప్రతి కుర్రాడూ ఎక్కేవే, వాటి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను.

2011లో వర్జిన్ జట్టులో చోటు దొరికింది. దొరికిందని సంబరపడాలో అయ్యో అనాలో తెలియని చోటది. ఆ బండిని గాలి సొరంగంలో పరీక్షించకుండా, పూర్తిగా కంప్యూటర్ లెక్కల మీదే గీశారు. కాగితం మీద లెక్క కుదిరితే చాలనుకున్నారు. లెక్క కుదిరింది, బండి కుదరలేదు. సీజను మధ్యలోనే ఆ డిజైనరు సంస్థతో జట్టు తెగతెంపులు చేసుకుంది. తూకపు రాళ్లను ఏటా ప్రయోగశాలకు తీసుకెళ్లి ప్రమాణంతో సరిచూసిన వృత్తి నాది. కొలిచి చూడకుండా సరిపోయిందని ముద్ర వేసే పని ఎక్కడ జరిగినా నాకు చిరాకే. ఏడాదంతా ఆ జట్టుకు ఒక్క పాయింటూ రాలేదు. డాంబ్రోసియోకు దక్కిన గొప్ప ఫలితం 14వ స్థానం, అదీ రెండుసార్లు.

నేను అతన్ని తెలియకుండానే మొదటిసారి చూసింది ఆ ఏడాది అక్టోబరు 30న. గ్రేటర్ నోయిడాలో మన దేశపు తొలి ఫార్ములా వన్ పందెం. ఇంట్లో అందరం టీవీకి అతుక్కుపోయాం. ముందున్న వెటెల్‌ను ఎవరూ పట్టించుకోలేదు, అందరి చూపూ వెనక వరసలో నారాయణ్ కార్తికేయన్ మీదే. నారాయణ్ 17వ స్థానంలో ముగించాడు. అతనికి సరిగ్గా ముందు, 16వ స్థానంలో ముగించింది డాంబ్రోసియో. 'ఆ ముందున్నవాడొక్కడు అడ్డు తొలిగితే బాగుండు' అని ఆ రోజు ఎన్ని ఇళ్లల్లో అనుకున్నారో. మా ఇంట్లో అయితే పైకే అన్నారు.

మరుసటి ఏడాదికి వర్జిన్ అతన్ని వద్దనుకుంది. లోటస్ జట్టులో రిజర్వు డ్రైవరుగా చేరాడు. ప్రతి పందానికీ వెళ్లాలి, హెల్మెట్టు సిద్ధంగా ఉంచుకోవాలి, ప్రతి మీటింగులో కూర్చోవాలి, పందెం మొదలయ్యాక గ్యారేజీలో తెర ముందు నిలబడాలి. అసలు డ్రైవరుకు ఏమైనా జరిగితేనే పని. జరగాలని కోరుకోకూడదు. 2012 సెప్టెంబరు 2న బెల్జియం పందెం మొదటి మలుపులో లోటస్ డ్రైవరు రొమాన్ గ్రోజాన్ హామిల్టన్‌ను తాకి, ఆ ఊపులో అలొన్సో మీదుగా ఎగిరిపడ్డాడు. గ్రోజాన్‌ను తర్వాతి పందానికి నిషేధించారు. వారం తిరిగేసరికి ఇటలీలోని మోంజాలో ఆ సీటులో డాంబ్రోసియో ఉన్నాడు. అదనపు శక్తినిచ్చే కెర్స్ పరికరం ఆ పందెంలో మొరాయించింది. అది లేకుండానే నెట్టుకొచ్చి 13వ స్థానంలో ముగించాడు. ఫార్ములా వన్‌లో డ్రైవరుగా అదే అతని చివరి పందెం, మొత్తం 20.

ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసినవాళ్లకు ఈ బతుకు బాగా అర్థమవుతుంది. పై అధికారి సెలవు పెడితే పక్క సెక్షన్ మనిషికి 'పూర్తి అదనపు బాధ్యతలు' అంటూ కాగితం వస్తుంది. కుర్చీ అదే, సంతకం అదే, తప్పు జరిగితే తలంటు అదే. మంచి జరిగితే మాత్రం సెలవు ముగించుకుని వచ్చినవారి ఖాతాలోకి. నేను కూడా అలాంటి ఇన్‌ఛార్జి కుర్చీల్లో చాలాకాలం కూర్చున్నాను కాబట్టి డాంబ్రోసియో మీద నా మొగ్గు ఎక్కడినుంచి వచ్చిందో దాచను.

2014లో ఫార్ములా ఇ మొదలైనప్పుడు అతను డ్రాగన్ జట్టులో చేరాడు. తొలి నాలుగు సీజన్లలో ఆ పందెం చూడటానికి విచిత్రంగా ఉండేది. బ్యాటరీ పందెం చివరిదాకా వచ్చేది కాదు. అందుకని ఒక్కో డ్రైవరుకు రెండు బండ్లు. సగం దూరంలో గ్యారేజీలోకి వచ్చి, ఒక బండిలోంచి దూకి, పక్కనున్న ఇంకో బండిలో దూరి బెల్టులు బిగించుకుని మళ్లీ బయటికి. చాలామంది వెక్కిరించారు. నాకు సర్కస్‌లా ముచ్చటగా అనిపించేది. వేగం ఒక్కటే ఉంటే ఇక్కడ సరిపోదు. ఎక్కడ కాలు ఎత్తాలో, ఎంత శక్తి మిగుల్చుకోవాలో లెక్క పెట్టుకుంటూ నడపాలి. డాంబ్రోసియో మొదటి సీజనులో నాలుగో స్థానం, రెండో సీజనులో ఐదో స్థానం సంపాదించాడు. తొందరపడి బండి పాడుచేసుకోని గుణం అతనికి కూడు పెట్టింది.

ఆ మొదటి తరం ఫార్ములా ఇ బండ్లను తయారుచేసిన కంపెనీ స్పార్క్. దాన్ని స్థాపించింది ఫ్రెడరిక్ వాసర్ అనే ఫ్రెంచి పెద్దమనిషి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

2018లో మహీంద్రాకు మారాడు. తొలి పందెంలో సౌదీలోని దిరియాలో మూడో స్థానం, రెండో పందెంలో పైన చెప్పిన మరకేష్ గెలుపు. రెండు పందేలకు ఛాంపియన్‌షిప్ పట్టికలో అందరికన్నా పైన మహీంద్రా డ్రైవరు. మన దినపత్రికల్లో ఆ వార్త క్రికెట్ కింద ఎక్కడో నాలుగు లైన్లు వచ్చింది. ఆ ఊపు నిలవలేదు. మరుసటి సీజను మరీ నీరసం. కోవిడ్ వల్ల 2020 ఆగస్టులో మిగిలిన ఆరు పందేలూ బెర్లిన్‌లోనే వరసగా కానిచ్చేశారు. తొలి గెలుపు దక్కిన టెంపెల్‌హాఫ్ కాంక్రీటు మీదే అతని డ్రైవింగు ముగిసింది. అప్పటికి 34 ఏళ్లు.

ఆ డిసెంబరులోనే మొనాకోకు చెందిన వెంచురి జట్టు అతన్ని ఉప బాసుగా తీసుకుంది. పైన బాసు సూజీ వోల్ఫ్, తనూ ఒకప్పటి డ్రైవరే. ఏడాది తిరగకుండానే, 2021 అక్టోబరులో, ఆమె మొత్తం సంస్థ బాధ్యతలకు వెళ్లి జట్టు బాసు కుర్చీ అతనికి అప్పగించింది. ఇన్‌ఛార్జి కాదు, పర్మనెంటు.

ఇక్కడే కథ నాకు మహా రుచిగా అనిపిస్తుంది. ఆ సీజనుకు ఆడి కార్ల కంపెనీ జట్టు తప్పుకోవడంతో చోటు లేక చూస్తున్న ఒక పాత కాపును వెంచురి తీసుకుంది. ఆ పాత కాపు లూకాస్ డి గ్రాసి! రెక్క వల్ల ఒకసారి, 1.8 కిలోల వల్ల ఒకసారి తన గెలుపులు ఎవరి చేతిలో పడ్డాయో ఆ మనిషే ఇప్పుడు బాసు. తొలి మీటింగులో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినాలని ఎంత ఉందో. కాటా మాట వచ్చే ఉంటుందని నా నమ్మకం.

జట్టు బాసంటే గ్యారేజీల ముందుండే పిట్ గోడ మీద కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకునే మనిషని అనుకుంటాం. అసలు పని ఇద్దరు డ్రైవర్ల మధ్య కూర్చోవడం. ఇద్దరికీ ఒకే రకం బండి ఇవ్వాలి, ఇద్దరికీ తన బండే బాగాలేదనిపిస్తుంది. డ్రైవరుకు మొదటి శత్రువు సొంత జట్టులోని రెండోవాడు, ఎందుకంటే సాకు చెప్పడానికి వీల్లేని పోలిక అదొక్కటే. పైగా వెంచురి బండిలో ఉన్నది మెర్సిడెస్ మోటారు. మోటారు అమ్మినవాళ్లు కూడా అదే పందెంలో సొంత జట్టుతో పోటీకి దిగుతారు. అలాంటి చోట డాంబ్రోసియో జట్టు 2021-22లో ఐదు పందేలు గెలిచింది. ఎడ్వర్డో మొర్తారా నాలుగు, డి గ్రాసి లండన్‌లో ఒకటి. జట్ల పట్టికలో మెర్సిడెస్ వెనకే రెండో స్థానం. మెర్సిడెస్‌కు 319 పాయింట్లు, వెంచురికి 295. సరుకు కొన్నవాడు సరుకు తయారుచేసినవాడికి అంత దగ్గరగా రావడం ఏ వ్యాపారంలోనూ తరచుగా జరగదు.

మొర్తారా గెలిచిన నాలుగింటిలో ఒకటి బెర్లిన్, ఇంకొకటి మరకేష్. డ్రైవరుగా డాంబ్రోసియోకు అరువు గెలుపులు దొరికిన ఊళ్లు. ఈసారి కాటా దగ్గర ఏ పేచీ రాలేదు. మా తమ్ముడికి ఈ సంగతి ఫోన్ చేసి మరీ చెప్పాను. "అయితే బండి వేరేవాడికి ఇచ్చాకే బాగుపడ్డాడన్నమాట" అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు గానీ ఆ మాటతో నాకు పేచీ లేదు. అతని బుర్ర ముందునుంచీ బాసు బుర్ర. బండిలో కూర్చుని నాలుగు మలుపుల అవతల ఏం జరగబోతోందో లెక్కవేసేవాడు. ఆ లెక్కకు తగ్గ చేతివేగం మాత్రం ఫార్ములా వన్‌లో అగ్రస్థానాలకు చాల్లేదు. చేతులు వేరేవాళ్లవి అయ్యాక లెక్కకు పూర్తి విలువ వచ్చింది.

2022 చివరికి వెంచురి మసెరాటి పేరుతో మారింది, డాంబ్రోసియో అక్కడినుంచి బయటికొచ్చాడు. దాంతో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగినప్పుడు అతను లేడు. డి గ్రాసి ఉన్నాడు, అదీ మహీంద్రా బండిలో. నేనూ తమ్ముడూ వెళ్లాం. ఎండ, క్యూలు, నీళ్ల సీసాకు వెతుకులాట అన్నీ యథావిధి. కానీ బండ్లు దగ్గరికొచ్చినప్పుడు నేను ఊహించనిది విన్నాను. పెట్రోలు ఇంజను హోరు లేదు కదా, మోటారు సన్నటి ఈల కింద టైర్లు రోడ్డును పట్టుకోలేక కీచుమనడం స్పష్టంగా వినబడుతుంది. కళ్లు మూసుకుని ఎవరు ముందుగా బ్రేకు వేస్తున్నారో చెప్పవచ్చు. సెక్రటేరియట్ పక్కన రోజూ హారన్ల మోత తప్ప మరేదీ వినని రోడ్డు మీద ఆ కీచుమన్న చప్పుడు వినడం వింతగా ఉంది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మూడో స్థానంలో ముగించిన బ్యూమిని అనుమతించినదానికన్నా ఎక్కువ శక్తి వాడాడని శిక్షించి వెనక్కి నెట్టారు, డా కోస్టాకు మూడో స్థానం దక్కింది. ఆ ప్రకటన వచ్చేదాకా నేను లేవనంటే తమ్ముడు విసుక్కున్నాడు. మరుసటి ఏడాది జరగాల్సిన పందెం రద్దయింది. ఎందుకు రద్దయిందన్న గొడవ ఇక్కడ ఎత్తను, అది వేరే పురాణం.

డాంబ్రోసియో 2023లో మెర్సిడెస్ ఫార్ములా వన్ జట్టులో చేరాడు, కుర్ర డ్రైవర్లను తీర్చిదిద్దే విభాగానికి డైరెక్టరుగా. అక్కడి బాసు టోటో వోల్ఫ్, సూజీ వోల్ఫ్ భర్త. భార్య దగ్గర ఉప బాసుగా మొదలుపెట్టి భర్త దగ్గరికి బదిలీ. మా శాఖలో అయితే దీని మీద ఒక నెల క్యాంటీన్ చర్చ నడిచేది.

ఆ సెప్టెంబరులో టోటో మోకాలికి ఆపరేషన్ జరిగింది. జపాన్, ఖతార్ పందేలకు వెళ్లలేకపోయాడు. జట్టు ప్రతినిధిగా ఎవరు? డాంబ్రోసియో. ఆ రెండు పందేలూ ఎలాంటివో తెలిస్తే జాలేస్తుంది. జపాన్‌లోని సుజుకాలో జట్టు డ్రైవర్లు హామిల్టన్, రస్సెల్ ఒకరినొకరు అడ్డుకుంటూ, 'మనం పోరాడాల్సింది మనలో మనమా మిగతావాళ్లతోనా' అని రేడియోలో వాదనకు దిగారు. ఖతార్‌లో మరీ ఘోరం, మొదటి మలుపులోనే ఇద్దరూ తగులుకుని హామిల్టన్ పందెం నుంచే వెళ్లిపోయాడు. రస్సెల్ వెనకనుంచి పుంజుకుని నాలుగో స్థానానికి చేరాడు. ఒకే జట్టువాళ్లు ఒకరికొకరు అడ్డుపడటం వల్ల మరకేష్‌లో గెలిచినవాడికి ఆ రోజు బాకీ తీరింది.

2024 అక్టోబరు 1 నుంచి ఫెరారీలో ఉప బాసు. పైన బాసు ఎవరంటే ఫ్రెడరిక్ వాసర్. బెర్లిన్‌లో తొలి గెలుపు తెచ్చిన బండిని తయారుచేసిన కంపెనీ పెట్టిన మనిషే. డ్రైవర్ల అకాడమీ బాధ్యత కూడా డాంబ్రోసియోకే ఇచ్చారు. 2025 మొదట్లో హామిల్టన్ కూడా మెర్సిడెస్ వదిలి అక్కడికే వచ్చాడు.

ఇక మార్చి 23, షాంఘై. ఈ ఒక్క రోజు గురించి నేను పేజీలకు పేజీలు రాయగలను. ముందు రోజు స్ప్రింట్ అనే చిన్న పందెంలో హామిల్టన్ గెలిచాడు, ఫెరారీ ఎర్ర చొక్కాలవాళ్లంతా గాల్లో ఉన్నారు. ఆదివారం పందెంలో ఫెరారీ రెండో డ్రైవరు లెక్లెర్ ఐదో స్థానం, హామిల్టన్ ఆరు. ఆ తర్వాత నాకు ఇష్టమైన షెడ్డు. లెక్లెర్ బండిని తూస్తే 800 కిలోలు. కనీస బరువు కూడా సరిగ్గా 800. ముందు రెక్క పందెంలో విరిగింది కాబట్టి కొత్త రెక్క పెట్టి కూడా చూశారు, అప్పుడూ సరిపోయింది. తర్వాత ఇంధనం తోడారు. రెండు లీటర్లు బయటికొచ్చాయి. మళ్లీ తూస్తే 799. ఒక్క కిలో. కారణం ఫెరారీవాళ్లే చెప్పారు: ఒకే ఒక్కసారి టైర్లు మార్చి పందెమంతా లాగడంతో రబ్బరు బాగా అరిగిపోయింది, అరిగిన రబ్బరు బరువు లెక్కకు రాలేదు. రబ్బరు పొట్టుగా ట్రాక్ మీద రాలిపోయిన బరువు కాటా మీద కనిపించింది. ఇంతకన్నా నిజాయితీ గల పరికరం ఇంకేముంది? హామిల్టన్ బండికి అడుగు పలక 9 మిల్లీమీటర్లు ఉండాల్సింది, కొన్నిచోట్ల 8.5కు అరిగింది. ఇద్దరూ అనర్హులు. 18 పాయింట్లు గాలికి పోయాయి.

1.8 కిలోలతో గెలిచిన డాంబ్రోసియో 1 కిలోతో ఓడిన జట్టులో ఉప బాసు. మా తమ్ముడు ఆ సాయంత్రం ఫోన్ చేసి పది నిమిషాలు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే చెప్పాను, ఇద్దరు బాసుల్లో ఆ షెడ్డు విలువ ముందుగా అర్థమై ఉండేది ఇతనికేనని.

జూన్ 29న ఆస్ట్రియాలో ఇంకోసారి కుర్చీ ఖాళీ అయింది. వాసర్ వ్యక్తిగత కారణాలతో ఆదివారం పందానికి ఉండటం లేదని పొద్దున్నే జట్టు ప్రకటించింది. బాధ్యతలు డాంబ్రోసియోకు. ఆ రోజు లెక్లెర్ మూడు, హామిల్టన్ నాలుగు. గుద్దుకోలేదు, తూకంలో తగ్గలేదు, రేడియోలో రచ్చా లేదు. ఇన్‌ఛార్జి రోజుల్లో అంతకన్నా గొప్ప ఫలితం ఉండదు.

అప్పట్లో వాసర్‌ను తీసేస్తారని ఇటలీ పత్రికలు తెగ రాశాయి. అతను వెళ్తే కుర్చీ ఎవరిదని మా తమ్ముడు కూడా పందెం కాశాడు. జులై 31న ఫెరారీ వాసర్ కాంట్రాక్టును పొడిగించి ఆ మాటలకు తెర దించింది. మూడు రోజుల తర్వాత హంగరీలో లెక్లెర్ పోల్ నుంచి మొదలుపెట్టి నాలుగో స్థానానికి జారాడు, హామిల్టన్ 12వ స్థానంలో ఉన్నాడు. తమ్ముడు ఫోన్ చేసి ఎడాపెడా తిట్టాడు. అదే రోజు అక్కడే కుర్ర డ్రైవర్ల పోటీ ఫార్ములా 3 టైటిల్ ఫెరారీ అకాడమీ కుర్రాడు రఫాయెల్ కామరా గెలిచాడని చెప్పాను.

"ఎవరతను?" అన్నాడు.

"డాంబ్రోసియో అకాడమీ పిల్లాడు."

"అయితే ముందున్నవాడెవడో జారిపడి ఉంటాడు."

"లేదు, ఇంకో రౌండు మిగిలి ఉండగానే ఖాయం చేసుకున్నాడు" అన్నాను.